ముందు షీటా, ముందు స్క్రీనా? బెంగళూరులో డ్రాఫ్టింగ్, క్యాడ్ చదువును ఎంచుకోవడం

వేసవి సెలవుల్లో హిందూపురం నుంచో మదనపల్లె నుంచో పిల్లవాణ్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చే బంధువులు, కాఫీ గ్లాసు కింద పెట్టగానే అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "మావాడికి క్యాడ్ నేర్పిద్దామనుకుంటున్నాం, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" క్యాడ్ అంటే కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే పని. బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడలో కొన్నేళ్లు డ్రాయింగులు గీసి, ఆ తర్వాత మరికొన్నేళ్లు ఇతరులు గీసినవి దిద్దుతూ వచ్చిన నాకు, ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పడం ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ సంగతి చివరన తేల్చుకోవలసినది. అంతకన్నా ముందు తేలవలసిన సంగతి, పిల్లవాడు గీసిన డ్రాయింగును ఎవరు దిద్దుతారు, ఆ డ్రాయింగు ప్రకారం ఎవరైనా వస్తువు తయారుచేసి చూపిస్తారా అన్నది. ఈ రెండింటినీ కొలబద్దగా పెట్టుకుని బెంగళూరులో ఉన్న దారులను పోల్చి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

దీన్నే కొలబద్దగా ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలంటే నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న రోలర్‌కు, అది తిరిగే షాఫ్టుకు డ్రాయింగు గీశాను. రంధ్రం వ్యాసం 25, షాఫ్టు వ్యాసం కూడా 25 అని రాసి పంపించాను. కంప్యూటర్ తెరమీద రోలర్ షాఫ్టు మీదికి చక్కగా జారి, మౌస్‌తో తిప్పితే గిర్రున తిరిగింది. మర్నాడు లేత్ మీద పనిచేసే పెద్దాయన ఆ ప్రింట్ పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చి, "ఇది తిరగాలా, బిగుసుకోవాలా?" అని అడిగారు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. ఇనుము మీద కచ్చితంగా 25 అనే కొలత రాదని, కొంత ఎక్కువో తక్కువో వస్తుందని, ఆ ఎక్కువ తక్కువలను ముందే నిర్ణయించి రాయడమే డ్రాయింగు పని అని ఆ రోజు తెలిసింది. ఆ హద్దులకు ప్రమాణ గుర్తులు ఉన్నాయి: రంధ్రానికి హెచ్7 అని రాస్తే అది 25.000 నుంచి 25.021 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని, షాఫ్టుకు జి6 అని రాస్తే 24.980 నుంచి 24.993 మధ్య ఉండాలని అర్థం. అప్పుడు రెంటి మధ్య కనీసం 0.007, గరిష్ఠంగా 0.041 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలి, నూనె పొర పట్టి, రోలర్ తిరుగుతుంది. అదే షాఫ్టుకు పి6 అని రాస్తే అది 25.022కు తగ్గదు కాబట్టి ప్రెస్సు పెట్టి నొక్కితే తప్ప లోపలికి పోదు. తేడా అంతా వెంట్రుక మందంకన్నా తక్కువే. కానీ ఒకటి తిరుగుతుంది, ఒకటి తిరగదు. ఈ సంగతి నాకు తెరమీద కనపడలేదు, కనపడే వీలూ లేదు, ఎందుకంటే తెరమీద 25 ఎప్పుడూ 25గానే ఉంటుంది.

ఇప్పుడు దారుల సంగతి. పదో తరగతి తర్వాత ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడు ఉంది. మెకానికల్, సివిల్ అని రెండు రకాలు, రెండేళ్ల చదువు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు. టూల్ రూమ్ శిక్షణ సంస్థల డిప్లొమాలు మరొక దారి. ఇంటర్ తర్వాత బి.ఇ. మెకానికల్ ఉంది. వీటన్నిటికీ పక్కన, మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వంటి చోట్ల మన అమీర్‌పేటను గుర్తుకు తెచ్చే బోర్డులతో కనిపించే ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లు, మూడు నెలలకో ఆరు నెలలకో కోర్సు పూర్తిచేయిస్తామని చెప్పేవి, ఉన్నాయి.

టూల్ రూమ్ గురించి మనవాళ్లలో తెలిసినవారు తక్కువ కాబట్టి దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ప్లాస్టిక్ బకెట్, స్విచ్చు, కారు డాష్‌బోర్డు వంటి వస్తువులను పోతపోసే అచ్చులను, రేకును కత్తిరించి వంచే డైలను తయారుచేసే చోటును టూల్ రూమ్ అంటారు. రాజాజీనగర్ పారిశ్రామికవాడలోని జీటీటీసీ, అంటే ప్రభుత్వ టూల్ రూమ్ శిక్షణ కేంద్రం, 1972లో డెన్మార్క్ ప్రభుత్వ సహకారంతో మొదలైంది. అక్కడి టూల్ అండ్ డై మేకింగ్ డిప్లొమాలో మూడేళ్ల చదువు, ఆపైన ఒక ఏడాది పరిశ్రమలో శిక్షణ ఉంటాయి. 1959లో కేరళలోని తలశ్శేరి దగ్గర నెట్టూరులో మొదలై, ఇప్పుడు పీణ్య కేంద్రంగా నడుస్తున్న ఎన్‌టీటీఎఫ్ కూడా ఇదే కోవకు చెందినది. ఇటువంటి చోట్ల విద్యార్థి ఫైల్ పట్టి ఇనుము రుద్దడంతో మొదలుపెట్టి, లేత్, మిల్లింగ్, గ్రైండింగ్, విద్యుత్ ప్రవహించే సన్నని తీగతో ఉక్కును కోసే వైర్ కట్ వరకు చేతితో చేసి చూస్తాడు. డ్రాయింగు అక్కడ ఒక పరీక్ష పేపరుగా ఉండిపోదు. పక్క షెడ్డులో ఎవరో ఒకరు దానిని చూస్తూ ఉక్కును కోస్తారు.

అచ్చు డ్రాయింగులో ఉండే చిక్కు ఒకటి చెబితే దీని విలువ అర్థమవుతుంది. ఏబీఎస్ అనే ప్లాస్టిక్ చల్లారినప్పుడు సుమారు అర శాతం కుదించుకుపోతుంది. కాబట్టి వంద మిల్లీమీటర్ల పెట్టె కావాలంటే అచ్చులోని గుంటను వంద మీద అర మిల్లీమీటరుకు, అంటే 100.5కు కోయాలి. దాని గోడలు నిట్టనిలువుగా ఉంటే వస్తువు అచ్చులోంచి ఊడిరాదు కాబట్టి, ఒక డిగ్రీ అటూ ఇటూ వాలు ఇవ్వాలి. ఈ రెండూ ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా చిటికెలో పెట్టగలిగే మార్పులే. పెట్టాలని గుర్తుండటానికి మాత్రం, ఇరుక్కుపోయిన వస్తువును ఇత్తడి కడ్డీతో కొట్టి ఊడదీసిన అనుభవం ఒక్కసారైనా ఉండాలి. అందుకే, పదో తరగతి పూర్తిచేసి, చేతిపని మీద ఇష్టం ఉండి, చొక్కాకు గ్రీజు అంటితే బాధపడని పిల్లలకు నేను మొదట చెప్పేది టూల్ రూమ్ దారినే. దీనిలోనూ లోటు లేకపోలేదు: రోజంతా వర్క్‌షాపు, గట్టి హాజరు నియమాలు, సెలవులు తక్కువ. మొదటి ఆరు నెలల్లో ఇంటికి వచ్చేస్తానని ఫోన్ చేసే పిల్లలు ఉంటారు. తల్లిదండ్రులు అది ముందే తెలుసుకుని ఉండాలి.

పాలిటెక్నిక్ డిప్లొమా దీనికన్నా విశాలమైనది, అంత లోతు లేనిది. మూడేళ్లలో థర్మల్, హైడ్రాలిక్స్, మెటలర్జీ అన్నీ కొంచెం కొంచెం వస్తాయి. ఇంజనీరింగ్ డ్రాయింగ్, మెషిన్ డ్రాయింగ్, క్యాడ్ ల్యాబ్ వాటి మధ్య ఇమిడి ఉంటాయి. డిప్లొమా తర్వాత నేరుగా బి.ఇ. రెండో సంవత్సరంలో చేరే వీలు ఉండటం దీని పెద్ద బలం. పిల్లవాడు డిగ్రీ దాకా చదువుతాడన్న నమ్మకం ఉంటే పాలిటెక్నిక్ తెలివైన ఎంపిక. అయితే ఒక రాష్ట్రంలో డిప్లొమా చదివి మరో రాష్ట్రంలో లేటరల్ ఎంట్రీకి వెళ్లాలనుకునేవారు స్థానికత నిబంధనలను చేరకముందే చదువుకోవాలి. కర్ణాటక ప్రభుత్వ సీట్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ చదివినవారికే మొదటి హక్కు. హిందూపురం నుంచి రోజూ రైలెక్కి వచ్చిపోవచ్చునన్నంత దగ్గరైనా, రాష్ట్రం సరిహద్దు దరఖాస్తు ఫారంలో మాత్రం చాలా గట్టిగా ఉంటుంది.

బి.ఇ. విషయానికి వస్తే, కర్ణాటకలో ఎక్కువ కాలేజీలు బెళగావి కేంద్రంగా 1998లో ఏర్పడిన విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కిందే ఉన్నాయి. మన పిల్లలు ప్రైవేటు కాలేజీల్లో చేరడానికి కామెడ్‌కె పరీక్ష అన్ని రాష్ట్రాలవారికీ తెరిచి ఉంది. ఆ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది డ్రాయింగు చాలాకాలంగా కంప్యూటర్ మీదనే నడుస్తోంది. చాలా కాలేజీల్లో సాలిడ్ ఎడ్జ్ వాడతారు, దానికి తోడు చేతితో స్కెచ్ పుస్తకంలో గీయిస్తారు. చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం కింది కాలేజీల్లో చదివిన మా బంధువుల పిల్లలు మాత్రం మొదటి ఏడాదే డ్రాయింగ్ బోర్డు, దానికి బిగించి గీతలు గీసే మినీ డ్రాఫ్టర్ మోసుకుని తిరిగారు. రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం నాకు ఆ విధంగా దొరికింది.

చేతితో గీయడం ముఖ్యమా, కంప్యూటరా అన్న వాదనలో నేను పూర్తిగా ఏ పక్షమూ కాదు, అయినా కొంచెం చేతి వైపే మొగ్గుతాను. షీటు మీద గీసేవాడు మొదటి గీత గీయకముందే వస్తువు మొత్తాన్ని మనసులో తిప్పి చూసుకోవాలి. ఎలివేషన్ (ముందు నుంచి చూసిన రూపం) ఎక్కడ పెట్టాలి, దాని కింద ప్లాన్‌కు (పైనుంచి చూసిన రూపానికి) చోటు చాలుతుందా, ఎక్కడ సెక్షన్ కోస్తే లోపలి రంధ్రం కనిపిస్తుంది అన్నవి ముందే తేల్చుకోకపోతే, సాయంత్రానికి షీటు చింపి కొత్తది మొదలుపెట్టాలి. త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఈ ఆలోచన అవసరం రాదు. మోడల్ తయారుచేసి ఒక బటన్ నొక్కితే మూడు వ్యూలూ, అంటే మూడు వైపుల రూపాలూ, వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. అందుకే నాలుగేళ్లు క్యాడ్ చదివిన కుర్రవాడికి రెండు వ్యూలు చేతికిచ్చి మూడోది కాగితం మీద గీయమంటే తడబడటం నేను ఇంటర్వ్యూలలో చాలాసార్లు చూశాను. పదిహేను నిమిషాల ఆ ఒక్క పరీక్ష, సర్టిఫికెట్ల కట్ట చెప్పనిది చెబుతుంది.

ఇందులో మరీ ఖరీదైన తప్పు ఏ వ్యూను షీటు మీద ఎటువైపు పెట్టాలో చెప్పే ఫస్ట్ యాంగిల్, థర్డ్ యాంగిల్ పద్ధతుల తికమక. మనదేశంలో ప్రమాణాల సంస్థ ప్రకారం ఫస్ట్ యాంగిల్ వాడతాం: ప్లాన్ ఎలివేషన్‌కు కింద ఉంటుంది, ఎడమవైపు నుంచి చూసిన వ్యూ కుడివైపున వస్తుంది. అమెరికా కంపెనీల డ్రాయింగుల్లో థర్డ్ యాంగిల్ ఉంటుంది: ప్లాన్ పైన, ఎడమ వ్యూ ఎడమవైపునే. బెంగళూరులో విదేశీ కంపెనీలకు పనిచేసే డిజైన్ ఆఫీసుల్లో ఒకే రోజు రెండు రకాలూ చేతికి వస్తాయి. షీటు మూలన కోసిన శంకువు ఆకారంలో ఉండే చిన్న గుర్తు చూడకుండా చదివితే, ఒకవైపు చెవి ఉన్న బ్రాకెట్టు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి తయారవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఇది టెంప్లేట్‌ను బట్టి మారే ఒక చిన్న అమరిక మాత్రమే. దాన్ని ఎవరూ నేర్పకపోతే విద్యార్థి దాన్ని ఎన్నడూ తెరిచి చూడడు.

చేతిపని గొప్పదన్నానని, ఏ కాలేజీలో షీట్లు ఎక్కువ గీయిస్తే అదే మంచిదని అనుకోవద్దు. అద్దం కింద బల్బు పెట్టి, సీనియర్ షీటు మీద తన షీటు పరిచి, గీతలు దింపుకుని సబ్మిషన్ చేసే కళ మా రోజుల్లోనూ ఉండేది. నేనూ రెండు షీట్లు అలాగే ఇచ్చాను. మా అధ్యాపకుల్లో ఒకరు వరసగా సంతకాలు పెట్టుకుంటూ పోయేవారు, షీటు తలకిందులుగా పెట్టినా గమనించేవారు కాదు. ఇంకొకరు ఎర్ర పెన్సిలు పట్టుకుని, ఒకే కొలత రెండుచోట్ల రాసినందుకు, కనపడని అంచుకు గీతలు తెంపకుండా గీసినందుకు, సెంటర్ లైన్ మరచినందుకు ఒక్కొక్కదానికీ సున్నా చుట్టేవారు. ఇరవై షీట్లు గీయించిన మొదటాయన దగ్గరకంటే, ఎనిమిదే గీయించిన రెండో ఆయన దగ్గర నేర్చుకున్నదే నాకు ఈనాటికీ అన్నం పెడుతోంది. కంప్యూటర్ ల్యాబ్‌కూ ఇదే సూత్రం. ఫైలును పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకోవడం అద్దం మీద దింపుకోవడంకన్నా ఎంతో సులువు కాబట్టి, అక్కడ దిద్దేవారి అవసరం మరింత ఎక్కువ.

ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ల గురించి కొంత కటువుగానే చెబుతాను. డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం దొరకక, పీజీ హాస్టల్ అద్దె తండ్రి పంపించే డబ్బుతో కడుతున్న పిల్లలే వీటి ప్రధాన ఖాతాదారులు. "మాస్టర్ డిప్లొమా" పేరుతో ఎనిమిదో పదో సాఫ్ట్‌వేర్లు ఒకే కోర్సులో కట్టి అమ్మడం ఇక్కడ మామూలు. ఆ కోర్సులో చేరకండి. స్కెచ్ గీయడం, దానికి కొలతలూ బంధాలూ పెట్టడం, ఎక్స్‌ట్రూడ్ చేయడం (గీసిన ఆకారానికి మందం ఇవ్వడం), ఇరుసు చుట్టూ తిప్పడం, భాగాలను అసెంబ్లీలో కూర్చడం అన్న పద్ధతి 1987లో ప్రో/ఇంజనీర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చినప్పటి నుంచి దాదాపు అన్ని మెకానికల్ ప్యాకేజీల్లోనూ ఒకటే. ఒకటి బాగా వచ్చినవాడు రెండోదానికి మారడానికి, నేను చూసినంతలో, నెల రోజులకు మించి పట్టదు. పదింటిలోనూ మొదటి పాఠాలే నేర్చుకున్నవాడికి ఏదీ రాదు. మూడు నెలల కోర్సు, ఒకే ప్యాకేజీ, రోజూ దిద్దే ట్రైనర్ దొరికితే ఇన్‌స్టిట్యూట్ పనికొస్తుంది. డబ్బు కట్టకముందు ఒక డెమో క్లాసులో కూర్చుని, ట్రైనర్‌ను టాలరెన్సుల గురించి, అంటే కొలతల్లో అనుమతించే ఆ ఎక్కువ తక్కువల గురించి, ఒక్క ప్రశ్న అడిగి చూడండి.

ఇన్‌స్టిట్యూట్‌కు కట్టే డబ్బుకన్నా అప్రెంటిస్ శిక్షణ మేలని నా అభిప్రాయం. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డిప్లొమా, డిగ్రీ పూర్తిచేసినవారికి పరిశ్రమల్లో ఏడాది శిక్షణ ఉంటుంది. నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. దక్షిణాది రాష్ట్రాలకు దీన్ని చూసే అప్రెంటిస్‌షిప్ బోర్డు కార్యాలయం చెన్నై తరమణిలో ఉంది, దరఖాస్తు మాత్రం ఆన్‌లైన్‌లోనే. స్టైపెండ్ చిన్నదని చాలామంది పట్టించుకోరు. ఫీజు కట్టి ఉత్తుత్తి బ్రాకెట్లు గీయడమా, కొంత తీసుకుని నిజమైన బ్రాకెట్లు గీయడమా అన్నది ఇంట్లో కూర్చుని లెక్కవేసుకోవలసిన విషయం.

ఇక బంధువులు అడిగిన అసలు ప్రశ్న. సివిల్, ఎలక్ట్రికల్ ప్యానెళ్లు, ఫ్యాక్టరీ లేఅవుట్లు, రేకు పనులు చేయాలనుకునేవారికి 1982 నుంచి నడుస్తున్న ఆటోక్యాడ్ ఇప్పటికీ తప్పనిసరి. భవన నిర్మాణం వైపు వెళ్లేవారు దానికి రెవిట్ చేర్చుకోవాలి. మెకానికల్‌లో పీణ్య వంటి చోట్ల చిన్న, మధ్యతరహా యూనిట్లలో సాలిడ్‌వర్క్స్ ఎక్కువగా కనిపిస్తుంది. విమాన, కార్ల పరిశ్రమల వైపు చూపు ఉంటే కాటియా గాని ఎన్‌ఎక్స్ గాని. కాలేజీలో సాలిడ్ ఎడ్జ్ నేర్పుతుంటే దానినే గట్టిగా పట్టుకోండి, చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

డబ్బు పెట్టి ఏదీ కొనకండి, దొంగ కాపీలు ఎక్కించుకోవద్దు. ఆటోడెస్క్ సంస్థ విద్యార్థులకు ఏడాదికోసారి పొడిగించుకునేలా ఉచితంగా ఇస్తుంది. సాలిడ్ ఎడ్జ్‌కూ ఉచిత విద్యార్థి ప్రతి ఉంది. ఆన్‌షేప్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి పాత కంప్యూటర్ మీద కూడా పని జరుగుతుంది. వీటిని చదువుకే వాడాలి, డబ్బు తీసుకుని చేసే పనికి వాడకూడదు. ఆ కట్టుబాటు లేనిది కావాలంటే ఫ్రీక్యాడ్ ఉంది. 2024 నవంబరులో దాని 1.0 సంచిక వచ్చాక ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. ల్యాప్‌టాప్ కొనేవారు విండోస్ ఉన్నది, 16 జీబీ ర్యామ్ ఉన్నది చూసుకుంటే మొదటి రెండేళ్లకు చాలు. గేములాడే ఖరీదైన యంత్రం కోసం అప్పు చేయనక్కరలేదు. మధ్యలో చక్రం ఉన్న మామూలు మౌస్ ఒకటి మాత్రం కొనండి, టచ్‌ప్యాడ్ మీద క్యాడ్ నేర్చుకోవడం కాళ్లకు తాడు కట్టుకుని ఈత నేర్చుకోవడం వంటిది.

నా వరుస ఇది. పదో తరగతి అయి, యంత్రాలంటే ఆసక్తి ఉన్నవారికి టూల్ రూమ్ డిప్లొమా. డిగ్రీ తప్పదనుకునేవారికి పాలిటెక్నిక్, ఆపైన లేటరల్ ఎంట్రీ. ఇంట్లో త్వరగా సంపాదన అవసరమైతే ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్, దానివెంట అప్రెంటిస్ శిక్షణ. ఇంటర్ అయినవారికి బి.ఇ. సరే, అయితే క్యాడ్ ల్యాబ్‌కు, వర్క్‌షాపుకు మధ్య రాకపోకలున్న కాలేజీ చూడాలి. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నవారికి అప్రెంటిస్ శిక్షణ మొదట, ఇన్‌స్టిట్యూట్ తర్వాత. ఈ వరుసతో ఏకీభవించని మిత్రులు నాకున్నారు. ముఖ్యంగా పెళ్లి సంబంధాల్లో డిప్లొమాకు విలువ ఉండదని మా తోడల్లుడు ఎప్పుడూ వాదిస్తాడు. ఆ కోణం నా కొలబద్దకు అందనిది.

కాలేజీ చూడటానికి వెళ్లే ముందు పిల్లవాడిచేత ఇంట్లోనే ఒక పని చేయించండి. పాత కుళాయి గాని సైకిల్ పెడల్ గాని విప్పి, స్టీలు స్కేలుతో కొలిచి, ఏ3 కాగితం మీద, అంటే 297 అడ్డం 420 మిల్లీమీటర్ల షీటు మీద, తనకు తోచినట్టు మూడు వైపులా చూసి గీయమనండి. గంట గడిచినా వాడు లేవకపోతే ఈ చదువు వాడికి సరిపడేదే. ఆ కాగితాన్ని మడవకుండా చుట్టి వెంట తీసుకువెళ్లి, అక్కడ డ్రాయింగు చెప్పే అధ్యాపకుడికి చూపించి, "సార్, ఇందులో తప్పులేమున్నాయో చెబుతారా?" అని అడగమనండి. ఆయన చిరునవ్వుతో బాగుందని తిరిగి ఇచ్చేస్తారో, జేబులోంచి పెన్ను తీస్తారో పక్కన నిలబడి చూడండి.